సంతకం రాష్ట్రపతిది, నిర్ణయం ఎవరిది?

(విజయవాడలో విద్యార్థులు, ఉద్యోగులు ఏర్పాటు చేసుకున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రాష్ట్రపతి అధికారాల మీద మాట్లాడమన్నారు. పౌరశాస్త్రం పాఠం చెప్పడానికైతే నేను అక్కర్లేదు, నాకంటే బాగా చెప్పే లెక్చరర్లు మీ కాలేజీల్లోనే ఉన్నారు. నేను 2009లో ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ముందు లాఠీలు చూసినవాణ్ని, ఆ తర్వాత పేపర్లో పడినవాణ్ని. తెలంగాణ వాణ్ని పిలిచి బెజవాడలో మైకు ఇచ్చారంటే మీరు ఏదో తేల్చుకోవాలనే పిలిచారు. కాబట్టి నేను మన కథే చెప్తాను. ప్రత్యేక రాష్ట్రం అడిగిన ప్రతిసారీ, అటు 1969 అయినా, ఇటు 1972 అయినా, 2009 అయినా, మనం చివరికి వెళ్లి నిలబడింది రాష్ట్రపతి సంతకం దగ్గర. ఆ సంతకం వెనక ఎవరున్నారో తెలియక ఎన్నో వినతిపత్రాలు వృథా అయినయి.

రాజ్యాంగం పుస్తకం తెరిచి చదివితే రాష్ట్రపతిని మించిన అధికారి ఈ దేశంలో లేడు. కేంద్ర కార్యనిర్వాహక అధికారం అంతా ఆయనదే అని 53వ అధికరణం. లోక్‌సభ, రాజ్యసభతో పాటు రాష్ట్రపతి కూడా పార్లమెంటులో భాగమే అని 79. ఆయన సంతకం లేనిదే బిల్లు చట్టం కాదని 111. పార్లమెంటు లేనప్పుడు ఆయనే ఆర్డినెన్స్ ఇస్తాడని 123. రాష్ట్ర ప్రభుత్వాన్ని ఇంటికి పంపగలడని 356. ఇవన్నీ చదివి ఎవరికైనా గుండె ధైర్యం వస్తుంది. కానీ వీటన్నింటికీ తాళంచెవి ఒకటుంది, అది 74వ అధికరణం. మంత్రిమండలి సలహా ప్రకారమే ఆయన నడవాలి. 1974లో షంషేర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట కుండబద్దలు కొట్టి చెప్పింది. 1976లో ఎమర్జెన్సీ కాలంలో వచ్చిన 42వ సవరణ దాన్ని రాజ్యాంగంలోనే రాసేసింది. 1978లో 44వ సవరణ ఒక చిన్న కిటికీ తెరిచింది: ఒక్కసారి వెనక్కి పంపి మళ్లీ ఆలోచించమనవచ్చు, రెండోసారి అదే సలహా వస్తే ఒప్పుకోవాల్సిందే.

ఏటా పార్లమెంటులో రాష్ట్రపతి ప్రసంగం వింటారు కదా. 'నా ప్రభుత్వం' అంటారు. ఆ ప్రసంగంలో ఒక్క వాక్యం కూడా ఆయనది కాదు, క్యాబినెట్ రాసిచ్చింది. 2004 జూన్ 7న అబ్దుల్ కలాం గారు ఉభయ సభల ముందు చదివిన ప్రసంగంలో తెలంగాణ మాట ఉంది. తగిన సమయంలో, సంప్రదింపులు జరిపి, ఏకాభిప్రాయంతో పరిశీలిస్తామని. మేము దాన్ని ఎన్ని సభల్లో చెప్పుకున్నామో లెక్కలేదు. 'రాష్ట్రపతి నోట తెలంగాణ వచ్చింది' అని పోస్టర్లు వేసినం. ఆ మాట ప్రభుత్వానిది గనుక దాన్ని పక్కన పెట్టేది కూడా ప్రభుత్వమే. పక్కన పెట్టింది కూడా.

ఇప్పుడు వెనక్కి వెళ్దాం. 1969లో తెలంగాణ భగ్గుమన్నప్పుడు రాష్ట్రపతి ఎవరు? జాకీర్ హుస్సేన్. పుట్టింది హైదరాబాదులోనే. మే 1న హైదరాబాదులో కోర్కెల దినం ఊరేగింపు రాజ్‌భవన్ వైపు కదిలింది, కాల్పులు జరిగినయి. మే 3న జాకీర్ హుస్సేన్ కన్నుమూశారు. ఆయన స్థానంలో తాత్కాలికంగా కూర్చున్నది వి.వి. గిరి, బరంపురం తెలుగువాడు. ఆ తర్వాత జరిగిన రాష్ట్రపతి ఎన్నికల్లో కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి, ఆంధ్రప్రదేశ్ మొదటి ముఖ్యమంత్రి. ఎదురు నిలిచి గెలిచింది గిరి. చూడండి విచిత్రం. తెలంగాణలో పిల్లలు చచ్చిపోతుంటే, ఉద్యమం లెక్కలో 369 మంది, ఢిల్లీలో దేశమంతా చూస్తున్న పోటీ ఇద్దరు తెలుగువాళ్ల మధ్య. ఆ ఇద్దరిలో ఎవరు గెలిచినా తెలంగాణకు ఒరిగేదేమీ లేదు, ఎందుకంటే రాష్ట్రం ఇచ్చే ఆలోచన ప్రధానమంత్రికి లేదు. రాష్ట్రపతి మనవాడైతే పని జరుగుతుందనుకునే వాళ్లు ఈ సంవత్సరం ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు.

ఇక మీ బెజవాడ. 1972 అక్టోబరు 3న ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు చెప్పింది. కోస్తా, రాయలసీమ ఉద్యోగులు, విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. నవంబరు 27న ఇందిరాగాంధీ అయిదు సూత్రాలు ప్రకటించారు, నిప్పు ఇంకా పెద్దదైంది. కాకాని వెంకటరత్నం గారు డిసెంబరు 25న ఆ ఉద్యమంలోనే పోయారు. ఆయన పేరు ఈ ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు, నేను చెప్పనక్కర్లేదు. ఉప ముఖ్యమంత్రి పదవి వదులుకుని బి.వి. సుబ్బారెడ్డి జై ఆంధ్ర అన్నారు. గౌతు లచ్చన్న, తెన్నేటి విశ్వనాథం ఉద్యమానికి పెద్దదిక్కుగా నిలిచారు.

అప్పుడు రాష్ట్రపతి అదే వి.వి. గిరి. 1973 జనవరిలో ఆయన పేరు మీద ఈ రాష్ట్రానికి వచ్చిన కాగితాలు రెండింటి గురించి చెప్తాను. ఒకటి భూసంస్కరణల చట్టం. పి.వి. నరసింహారావు ప్రభుత్వం 1972లో అసెంబ్లీలో ఆమోదించిన సీలింగు బిల్లు రాష్ట్రపతి ఆమోదంతో చట్టమైంది, రాష్ట్ర చట్టాల వరసలో 1973లో ఒకటో నంబరు అదే. మాగాణి అయితే రకాన్ని బట్టి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలు, అంతకు మించి ఒక కుటుంబానికి వద్దని. కృష్ణా కాలువ కింద రెండు పంటలు పండే భూమికి పది ఎకరాలంటే ఏమిటో ఈ హాల్లో ఉన్న రైతు బిడ్డలకు వేరే చెప్పాలా! జై ఆంధ్ర వెనక సీలింగు భయం ఉందని మా దగ్గర చాలామంది అంటారు. నా అభిప్రాయం అడిగితే, భూస్వాములు ఆ మంటలో చలి కాచుకున్నారు, నిజమే. కానీ రోడ్డు మీద తూటాకు ఎదురు నిలిచిన పిల్లవాడికి పది ఎకరాలు కూడా లేవు. వాడు అడిగింది ఉద్యోగం, ఆత్మగౌరవం. ఆ తేడా మరిచిపోయి మొత్తం ఉద్యమాన్ని భూస్వాముల ఖాతాలో వేయడం అన్యాయం. తెలంగాణ ఉద్యమాన్ని దొరల ఉద్యమం అన్నప్పుడు మాకు ఎంత మండిందో, మీకూ అంతే మండుతుంది.

రెండో కాగితం 356. పి.వి. రాజీనామా చేశారు, జనవరి 18న రాష్ట్రపతి పాలన వచ్చింది. ఇందులో కిటుకు ఏమిటంటే అసెంబ్లీని రద్దు చేయలేదు, నిద్రపుచ్చారు. రద్దు చేస్తే ఎన్నికలు పెట్టాలి. ఆ వేడిలో ఎన్నికలు పెడితే జై ఆంధ్ర అన్నవాళ్లు ఎంతమంది గెలిచేవాళ్లో ఢిల్లీకి తెలుసు. నిద్రపుచ్చితే ఎమ్మెల్యేలు పదవి పోకుండా ఇంట్లో కూర్చుంటారు, గవర్నరు సలహాదారులతో పాలన నడుపుతాడు, ఉద్యోగుల సమ్మె అలిసిపోతుంది, నాయకులతో ఒక్కొక్కరితో విడివిడిగా మాట్లాడుకోవచ్చు. సరిగ్గా అదే జరిగింది. సెప్టెంబరు 21న ఆరు సూత్రాలు. డిసెంబరు 10న జలగం వెంగళరావు ముఖ్యమంత్రి. అవే కుర్చీలు, అదే సభ. రాష్ట్రపతి పాలన అంటే రాష్ట్రపతి పాలించడం కాదు మిత్రులారా, కేంద్ర క్యాబినెట్టు టైము కొనుక్కోవడం.

ఉద్యోగులు ఇక్కడ కాస్త జాగ్రత్తగా వినాలి. ఆరు సూత్రాల కోసం 32వ సవరణ చేసి రాజ్యాంగంలో 371-డి అని పెట్టారు. మామూలుగా ఉద్యోగాల నిబంధనలు రాష్ట్ర ప్రభుత్వం చేసుకుంటుంది. 371-డి కింద మాత్రం స్థానిక కేడర్లు, స్థానిక రిజర్వేషన్లు రాష్ట్రపతి ఉత్తర్వుతో వస్తాయి. అసెంబ్లీ తీర్మానం దాన్ని మార్చలేదు, జీవో మార్చలేదు. పైగా రాజ్యాంగంలో ఇంకెక్కడ ఏమున్నా ఇదే చెల్లుతుందని అందులోనే రాసి ఉంది. శాసనం చేసే అధికారాన్ని ఇంత నేరుగా రాష్ట్రపతి చేతిలో పెట్టిన చోట్లు రాజ్యాంగంలో బహు తక్కువ. ఆ ఉత్తర్వు 1975 అక్టోబరు 18న వచ్చింది. ఆరు జోన్లు. మీ కృష్ణా, రెండు గోదావరి జిల్లాలు కలిసి రెండో జోను. జిల్లా స్థాయి గుమస్తా ఉద్యోగాల్లో 80 శాతం, జోను స్థాయి ఉద్యోగాల్లో 70 శాతం, నోటిఫై చేసిన గెజిటెడ్ పోస్టుల్లో 60 శాతం స్థానికులకు. సంతకం పెట్టింది ఫక్రుద్దీన్ అలీ అహ్మద్. ఆ ఏడాది జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ మీద సంతకం పెట్టింది కూడా ఆయనే. ఏ ప్రభుత్వం ఏ కాగితం పెడితే ఆ కాగితం.

ఉత్తర్వు గొప్పది. అమలు? పదేళ్లలోనే ఉల్లంఘనల కుప్ప తేలింది. దాన్ని సరిదిద్దడానికి 1985 డిసెంబరు 30న ఎన్టీఆర్ ప్రభుత్వం 610 జీవో ఇచ్చింది. ఆ జీవో అమలు చేయమని మళ్లీ ఇరవై ఏళ్లు కొట్లాడినం. రాష్ట్రపతి ఉత్తర్వును రాష్ట్ర ప్రభుత్వమే తొక్కితే రాష్ట్రపతి ఏమీ చేయలేడు, ఆయన దగ్గర ఇన్‌స్పెక్టర్లు లేరు.

అదే ఉత్తర్వులోని 14వ పేరా 'ఎఫ్' క్లాజు గుర్తుందా? హైదరాబాద్ నగర పోలీసు ఉద్యోగాలకు స్థానిక రిజర్వేషన్ వర్తించదని చెప్పే క్లాజు. 2009 అక్టోబరు 9న సుప్రీంకోర్టు దాని ఆధారంగా హైదరాబాదు పోలీసు ఉద్యోగాల విషయంలో ఫ్రీ జోను అన్నది. అక్టోబరు 21న సిద్దిపేటలో ఉద్యోగ గర్జన, నవంబరు 29న కేసీఆర్ దీక్ష, డిసెంబరు 9 రాత్రి ప్రకటన. అంటే 1975లో సంతకమైన ఒక చిన్న క్లాజు ముప్పై నాలుగేళ్ల తర్వాత ఉద్యమానికి అగ్గిపుల్ల అయింది. 2010 మార్చి 18న అసెంబ్లీ ఏకగ్రీవంగా ఆ క్లాజు తీసేయమంది. ఏకగ్రీవంగా! ఆంధ్ర, రాయలసీమ, తెలంగాణ ఎమ్మెల్యేలు అందరూ. అయినా క్లాజు పోయింది 2011 ఆగస్టులో. ఏడాదిన్నర. ఆ ఏడాదిన్నరలో ఫైలు ప్రతిభా పాటిల్ గారి బల్ల మీద కూర్చోలేదు, హోంశాఖలో కూర్చుంది. మేము ధర్నాలు ఎక్కడ చేయాలో ఆ ఫైలే నేర్పింది.

ఇప్పుడు అసలు విషయం, మూడో అధికరణం. కొత్త రాష్ట్రం ఏర్పాటు చేసే బిల్లు రాష్ట్రపతి సిఫారసు లేకుండా పార్లమెంటులో పెట్టడానికి వీల్లేదు. సిఫారసు చేసే ముందు ఆయన దాన్ని సంబంధిత శాసనసభకు పంపి, గడువు పెట్టి, అభిప్రాయం అడగాలి. గడువు అనే మాట 1955లో అయిదో సవరణతో వచ్చింది, శాసనసభలు తేల్చకుండా నాన్చితే పని ఆగకూడదని. అభిప్రాయం అంటే అభిప్రాయమే, ఆమోదం కాదు. బొంబాయి రాష్ట్రం విషయంలో బాబూలాల్ పరాటే కేసులో సుప్రీంకోర్టు 1959లోనే ఇది తేల్చింది.

2013 డిసెంబరులో ప్రణబ్ ముఖర్జీ గారు బిల్లును హైదరాబాదుకు పంపి జనవరి 23 వరకు గడువిచ్చారు. ఈ ప్రణబ్ గారే 2004 తర్వాత తెలంగాణ మీద యూపీఏ వేసిన సంప్రదింపుల కమిటీకి పెద్ద. అప్పుడు తేల్చలేదు. రాష్ట్రపతి భవన్‌లో కూర్చున్నాక మాత్రం ఫైలు ఆగలేదు, ఎందుకంటే ఈసారి క్యాబినెట్టు తేల్చింది. ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్ రెడ్డి ఇంకా సమయం కావాలన్నారు, రాష్ట్రపతి వారం ఇచ్చారు. జనవరి 30న అసెంబ్లీ మూజువాణి ఓటుతో బిల్లును తిప్పికొట్టింది. ఇక్కడ చాలామంది సంబరపడ్డారు, అక్కడ మావాళ్లు కొందరు గాబరాపడ్డారు. రెండూ అనవసరమే. ఫిబ్రవరి 13న బిల్లు లోక్‌సభకు వచ్చింది, మీ విజయవాడ ఎంపీ లగడపాటి రాజగోపాల్ గారు మిరియాల స్ప్రేతో స్వాగతం పలికారు, 18న లోక్‌సభ, 20న రాజ్యసభ. మార్చి 1న రాష్ట్రపతి ఆమోదం. అదే మార్చి 1న రాష్ట్రపతి పాలన కూడా. 1973లో రాష్ట్రం విడిపోకుండా ఉండటానికి వాడిన 356ను 2014లో రాష్ట్రం విడదీసే రోజుల్లో వాడారు. అధికరణం అదే, రాజు మనసు మారింది.

ఫిబ్రవరి 20న రాజ్యసభలో ప్రధాని మన్మోహన్ సింగ్ అయిదేళ్లు ప్రత్యేక హోదా అన్నారు. మీ గోడు నాకు తెలుసు. ఆ మాట సభలో పలికింది, బిల్లులో లేదు. రాష్ట్రపతి ఆమోదించేది బిల్లులో ఉన్న అక్షరాన్ని. నోటిమాటకు ఆమోదముద్ర పడదు. 1956లో పెద్దమనుషుల ఒప్పందంతో మాకు జరిగింది కూడా అచ్చం ఇదే.

మూడో అధికరణం గురించి తీపి మాత్రమే చెప్పి పోతే నేను జర్నలిస్టును కాను. అసెంబ్లీ కాదన్నా రాష్ట్రం వచ్చింది గనుక మేము ఆ అధికరణానికి దండం పెట్టినం. అపాయింటెడ్ డే జూన్ 2. దానికి నాలుగు రోజుల ముందు, మే 29న, కొత్త కేంద్ర ప్రభుత్వం సలహా మీద అదే ప్రణబ్ ముఖర్జీ ఒక ఆర్డినెన్స్ మీద సంతకం పెట్టారు. పోలవరం ముంపు పేరుతో ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాల ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌కు. కూనవరం, వి.ఆర్.పురం, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు, బూర్గంపాడులో కొన్ని ఊళ్లు, పట్టణం మినహా భద్రాచలం మండలం. తెలంగాణ శాసనసభ ఇంకా కూర్చోనే లేదు, అభిప్రాయం ఎవరిని అడుగుతారు? అక్కడి కోయ, కొండరెడ్డి జనాన్ని ఎవరు అడిగారు? జూలైలో పార్లమెంటు ఆ ఆర్డినెన్స్‌ను చట్టం చేసింది. పార్లమెంటు బలంతో రాష్ట్రం ఇవ్వగల అధికారమే మండలాలు తీసుకోగలదు. రేపు రాయలసీమ అడిగినా, ఉత్తరాంధ్ర అడిగినా, కత్తికి ఈ రెండు పదునులూ ఉంటాయని తెలిసి అడగాలి.

మరి రాష్ట్రపతి ఒట్టి రబ్బరు స్టాంపా? అలా అనేసి చప్పట్లు కొట్టించుకోవడం తేలిక. కానీ నిజం కాదు. సభలో ఎవరికీ మెజారిటీ లేనప్పుడు ఆయన మనిషి అవుతాడు. 1979లో మన అనంతపురం సంజీవరెడ్డి గారినే చూడండి. మొరార్జీ దిగిపోయారు, చరణ్ సింగ్‌ను పిలిచారు, ఆయన సభ ముఖం చూడకుండానే ఆగస్టు 20న రాజీనామా చేశారు. జగ్జీవన్ రామ్ నాకు అవకాశం ఇవ్వండన్నారు. సంజీవరెడ్డి ఇవ్వలేదు, 22న లోక్‌సభను రద్దు చేశారు. ఒక దళిత నాయకుడికి ప్రధాని పదవి అంచుదాకా వచ్చి తప్పిపోయింది. అది తప్పని నేనంటాను, కాదనేవాళ్లూ ఉన్నారు. ఏమైనా ఆ రెండు రోజులు నిర్ణయం నిజంగా రాష్ట్రపతిదే.

వెనక్కి పంపే కిటికీ కూడా కొందరు వాడారు. కె.ఆర్. నారాయణన్ 1997లో ఉత్తరప్రదేశ్, 1998లో బీహార్ మీద రాష్ట్రపతి పాలన సిఫారసులు తిప్పి పంపారు. కలాం 2006లో లాభదాయక పదవుల బిల్లు తిప్పి పంపారు, మళ్లీ వస్తే సంతకం పెట్టారు. జైల్ సింగ్ 1986 నాటి తపాలా బిల్లు మీద అవునని గాని కాదని గాని అనకుండా కూర్చున్నారు, ఎందుకంటే 111లో గడువు లేదు.

ఈ గడువు లేకపోవడమే ఇప్పుడు రాష్ట్రాల మెడకు చుట్టుకుంది. గవర్నరు రాష్ట్ర బిల్లును రాష్ట్రపతికి పంపితే 201 కింద ఆయన ఎప్పటికి తేల్చాలి? తమిళనాడు కేసులో 2025 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు మూడు నెలలన్నది. మే నెలలో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము 143 కింద సుప్రీంకోర్టునే తిరిగి ప్రశ్నలడిగారు. నవంబరు 20న అయిదుగురు జడ్జీలు గడువు పెట్టే అధికారం కోర్టుకు లేదన్నారు. తెలంగాణలో బీసీలకు 42 శాతం రిజర్వేషన్ల బిల్లులు 2025 మార్చిలో అసెంబ్లీ ఆమోదించి ఢిల్లీకి పంపింది. ఆగస్టులో ముఖ్యమంత్రి స్వయంగా జంతర్ మంతర్ దగ్గర ధర్నాకు కూర్చోవలసి వచ్చింది. 14-ఎఫ్ నాటి దారే, కొత్త ప్రయాణికులు.

మీ ఊరికి సంబంధించిన ఇంకొక్క సంగతి. విభజన చట్టం 31వ సెక్షన్ ప్రకారం ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రధాన స్థానం ఎక్కడో చెప్పేది రాష్ట్రపతి ఉత్తర్వు. 2018 డిసెంబరు 26న రామ్‌నాథ్ కోవింద్ ఉత్తర్వుతో 2019 జనవరి 1 నుంచి అమరావతిలో హైకోర్టు. వారం రోజుల్లో మూటాముల్లె సర్దుకుని రావాలా అని లాయర్లు లబలబలాడారు. ఆ తర్వాత మూడు రాజధానుల చర్చలో హైకోర్టును కర్నూలుకు మారుస్తామన్నప్పుడు ఈ సెక్షన్ సంగతి ఎంతమంది చెప్పారు? అసెంబ్లీ ఎన్ని తీర్మానాలు చేసినా అది రాష్ట్రపతి ఉత్తర్వు మారితేనే మారుతుంది. రాయలసీమ మిత్రులు శ్రీబాగ్ ఒడంబడిక ప్రకారం హైకోర్టు అడగడం న్యాయమే. కానీ అడగవలసిన గడప అమరావతిలో ఒకటి, ఢిల్లీలో ఒకటి.

ఇందాక ఒక విద్యార్థిని చీటీ పంపింది: 'రాష్ట్రపతికి వినతిపత్రం పంపితే ఏమవుతుంది సార్?' అని. అమ్మా, అది రాష్ట్రపతి సచివాలయానికి చేరుతుంది. వాళ్లు దాన్ని సంబంధిత శాఖకు పంపుతారు. స్థానికత, జోన్లు, రాష్ట్రపతి ఉత్తర్వు అంటే హోంశాఖకు. 2016లో హైదరాబాదు నుంచి వచ్చిన ఉద్యోగుల పిల్లలకు ఇక్కడ స్థానికత ఇచ్చిన సవరణ కూడా ఆ దారిలోనే వచ్చింది, రాష్ట్ర ప్రభుత్వం అడిగింది, హోంశాఖ కదిపింది, రాష్ట్రపతి సంతకం పెట్టారు. తెలంగాణలో 2018 ఆగస్టులో 95 శాతం స్థానిక కోటాతో వచ్చిన కొత్త ఉత్తర్వూ అంతే. కానీ ఆ ఉత్తర్వు పేరు చెప్పి 2021 డిసెంబరులో 317 జీవోతో భార్యనొక జిల్లాకు, భర్తనొక జిల్లాకు విసిరింది మాత్రం రాష్ట్ర ప్రభుత్వం. టీచర్లు రాష్ట్రపతికి ఉత్తరాలు రాసి లాభం లేకపోయింది, ఆ జీవో ఆయనది కాదు. కాబట్టి రాసే ముందు రెండు విషయాలు చూసుకోండి: మీకు నష్టం చేసింది ఉత్తర్వులోని పేరానా, దాని మీద వచ్చిన జీవోనా. పేరా అయితే నంబరుతో సహా రాసి, ఒక కాపీ కేంద్ర హోంశాఖకు, ఒక కాపీ రాష్ట్ర సాధారణ పరిపాలన శాఖకు, ఒకటి మీ ఎంపీకి. జీవో అయితే వెలగపూడి సచివాలయం ఇక్కడికి ఎంతో దూరం లేదు.